కొట్టు కట్టేసే వేళ కోపెన్‌హాగన్‌లో

నవంబరు నెలాఖరులో కోపెన్‌హాగన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. వీధి దీపాలు వెలుగుతాయి. సైకిళ్ల బారు క్వీన్ లూయిస్ వంతెన మీదుగా ఇళ్ల దారి పడుతుంది. యాత్రికులు ఈ ఊరికి వచ్చేది న్యూహాన్ కాలువ ఒడ్డున రంగురంగుల ఇళ్లు, రాతి మీద కూర్చున్న మత్స్యకన్య విగ్రహం, టివోలి ఉద్యానవనం చూడటానికి. అవన్నీ నేనూ చూశాను, అవి అందంగానే ఉన్నాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ఊళ్లో నన్ను కట్టిపడేసింది మాత్రం వేరే ఒకటి. దుకాణాలు కట్టేసే ముందు గంటలో, మిగిలిపోయిన తిండి చెత్తబుట్టలోకి కాకుండా మనుషుల ఇళ్లకు చేరే పద్ధతి అది.

మా అక్క కూతురు ఇక్కడికి దగ్గరలోని లింగ్బీలో, డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చదువుతోంది. ఉండేది ఊళ్లోనే, నోర్రెబ్రో అనే పేటలో. అరబ్బు కిరాణాలు, షవర్మా కొట్లు, పాత పుస్తకాల దుకాణాలు, పిల్లల బళ్లు తోసుకుంటూ వెళ్లే తల్లులు, విద్యార్థులు కలగలిసిన పేట అది. డెన్మార్క్‌లో తిండి ఖరీదు. ఆహార పదార్థాల మీద కూడా 25 శాతం పన్ను ఉంటుంది. చేతిలో డబ్బు చూసుకుని ఖర్చు పెట్టుకోవలసిన విద్యార్థులకు బేకరీ అద్దంలో కనిపించేవన్నీ కంటికే తప్ప నోటికి అందవు.

"పిన్నీ, ఈ పూట మనకు ఏం రాసి ఉందో చూద్దాం" అంటూ అమ్మాయి ఫోన్ తీసింది. తెర మీద చుట్టుపక్కల వీధుల పటం, దాని నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో దుకాణం. బేకరీ, సూపర్‌మార్కెట్, సుషీ హోటల్, పూల కొట్టు కూడా. ఒక్కోదాని పక్కన ఇన్ని సంచులు మిగిలాయి, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపల వచ్చి తీసుకెళ్లాలి అని రాసి ఉంది. టూ గుడ్ టు గో అనే ఈ యాప్ పుట్టింది ఈ ఊళ్లోనే.

పద్ధతి చాలా తేలిక. ఇవాళ ఎంత మిగిలేలా ఉందో దుకాణందారు ముందే ఒక అంచనా వేసుకుని, ఇన్ని సంచులని యాప్‌లో పెడతాడు. ధర మామూలు ధరలో మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. కొనేవాళ్లు డబ్బు ముందే ఫోన్‌లో కట్టేస్తారు. లోపల ఏముంటుందో మాత్రం ముందుగా తెలియదు. ఎందుకంటే ఏం మిగులుతుందో దుకాణానికే తెలియదు. సరుకంతా అమ్ముడైపోతే దుకాణం ఆర్డరు రద్దు చేస్తుంది, డబ్బు వెనక్కి వస్తుంది. అమ్ముడైన ప్రతి సంచి మీదా యాప్ కంపెనీ కొంత రుసుము తీసుకుంటుంది. ఇంటికి తెచ్చిచ్చే మనుషులుండరు. మనమే నడిచో సైకిలు మీదో వెళ్లి తెచ్చుకోవాలి.

మేం వెళ్లింది ఒక చిన్న బేకరీకి. తలుపు తీయగానే వెన్న, దాల్చినచెక్క కలిసిన వెచ్చటి వాసన. అరల్లో సగం ఖాళీ. గాజు అర వెనక ఉన్న అమ్మాయి ఒక చేత్తో బ్రష్‌తో పళ్లెంలోని పొరల ముక్కలు ఊడ్చేస్తూ, రెండో చేత్తో పట్టకారుతో మిగిలినవాటిని ఏరి కాగితపు సంచుల్లో సర్దుతోంది. మాకంటే ముందు నలుగురున్నారు. మెడకు మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన, ఆఫీసు బ్యాగు భుజాన వేసుకున్న ఒకావిడ, ఇద్దరు కుర్రాళ్లు. వంతు రాగానే మా అమ్మాయి ఫోన్ చూపించింది. ఆర్డరు మీద వేలు పెట్టి పక్కకు జరపగానే తెర మీద గుర్తు పడింది. సంచి చేతికొచ్చింది. "శుభసాయంత్రం" అని వాళ్ల భాషలో ఒక మాట, ఒక నవ్వు. అంతే, నిమిషం పట్టలేదు.

ఇంటికొచ్చి సంచి విప్పితే పైన గసగసాలు దట్టంగా అద్దిన తెబియర్కెస్ రెండు, దాల్చినచెక్క పొడి, చక్కెర చుట్టిన కనెల్‌స్నైల్ మూడు, అడుగున రై ధాన్యంతో చేసిన రూబ్రోడ్ సగం దిమ్మ ఉన్నాయి. గసగసాలు మన ఇళ్లల్లో కూరలోకి నూరతారు. ఇక్కడ రొట్టె మీద పొరలా అంటించి కాలుస్తారు, పంటి కింద పడితే కమ్మగా పేలుతాయి. మొత్తానికి కట్టింది 39 క్రోనర్లు. మన రూపాయల్లో ఐదు వందలకు అటూ ఇటూగా. ఇక్కడి కాఫీ దుకాణంలో ఒక్క కాఫీకి అంత అవుతుంది. పొద్దున కొని ఉంటే ఇవే మూడింతలు పడేవి. పొద్దుటి రొట్టెకు, సాయంత్రపు రొట్టెకు రుచిలో నాకు తేడా తెలియలేదు. కొద్ది సేపట్లో చెత్త డబ్బాలోకి పోవలసినవి ఇవి అంటే నమ్మబుద్ధి కాలేదు.

మిగలడం ఎందుకు? సాయంత్రం ఐదింటికి వచ్చేవాడికి కూడా అరలు నిండుగా కనిపించాలని ప్రతి బేకరీ కోరుకుంటుంది. అర ఖాళీగా ఉంటే వాడు పక్క కొట్టుకు పోతాడు. ఎంత పిండి కలపాలో తెల్లవారుజామునే తేల్చుకోవాలి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి, వాన మొదలైతే జనం బయటికి రారు. వేసిన లెక్క తప్పుతుంది. దీంట్లో ఎవరి తప్పూ లేదు. కానీ రోజూ, ప్రతి వీధిలో, ప్రతి ఊళ్లో ఇలా తప్పిన లెక్కలన్నీ కలిస్తే అది చిన్న సంగతి కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారుల దాకా వచ్చిన తిండిలో అది దాదాపు ఐదో వంతు. ఆ ఏడాది ఆకలితో ఉన్నవాళ్లు 78 కోట్ల మందికి పైనే. ఆ తిండిని పండించడానికి వాడిన నీళ్లు, ఎరువులు, కరెంటు, లారీల డీజిలు కూడా దానితోపాటే వృథా. చెత్తకుప్పలో కుళ్లేటప్పుడు అది మీథేన్ వదులుతుంది. భూమిని వేడెక్కించే వాయువుల్లో 8 నుంచి 10 శాతం దాకా వృథా అయ్యే ఆహారం వల్ల వస్తున్నవే అని అంచనా.

టూ గుడ్ టు గో 2015లో మొదలైంది. కొందరు డేనిష్ యువకులు బఫే హోటళ్లలో రాత్రి కట్టేసే వేళ పళ్లేలకు పళ్లేలు పారబోయడం చూసి, ఆ తిండిని తక్కువ ధరకు అమ్మిపెట్టే మార్గంగా దీన్ని తయారుచేశారు. మరుసటి ఏడాది మెట్టె లూకె అనే మహిళ బస్సులో పోతుంటే పక్క సీటావిడ ఫోన్‌లో ఈ యాప్ చూపించిందట. అప్పటికే ఆమె ఎండొమొండో అనే వ్యాయామ యాప్‌ను మరికొందరితో కలిసి స్థాపించి, పెద్ద కంపెనీకి అమ్మిన వ్యక్తి. ముందు ఇందులో పెట్టుబడి పెట్టారు, 2017లో సీఈఓ అయ్యారు. తర్వాత ఇది యూరప్‌లోని చాలా దేశాలకు పాకింది. 2020లో న్యూయార్క్, బోస్టన్ నగరాలతో అమెరికాలో అడుగుపెట్టింది. అక్కడ ఉన్న మన పిల్లలు, ముఖ్యంగా ఎమ్మెస్ చేస్తూ అద్దె, ఫీజుల మధ్య నలిగిపోయేవాళ్లు, చాలామంది దీన్ని వాడుతున్నారు.

అయితే కోపెన్‌హాగన్‌లో ఈ యాప్ మొలవడానికి ముందే నేల దున్ని ఉంది. దున్నినవారిలో సెలీనా యూల్ పేరు ముందు చెప్పాలి. ఆమె పుట్టింది మాస్కోలో, 1980లో. సోవియట్ చివరి రోజుల్లో ఖాళీ అరల దుకాణాలు చూసిన పిల్ల. పదమూడేళ్ల వయసులో డెన్మార్క్ వచ్చింది. ఇక్కడ మంచి తిండిని చెత్తలో వేయడం చూసి తట్టుకోలేకపోయింది. 2008లో ఫేస్‌బుక్‌లో 'ఆహార వృథా ఆపండి' అని ఒక బృందం మొదలుపెట్టింది. డబ్బు లేదు, పలుకుబడి లేదు. ఆ ఏడాదే రేమా 1000 అనే చవక సూపర్‌మార్కెట్ల సంస్థ 'మూడు కొంటే ఇంత తగ్గింపు' తరహా అమ్మకాలు మానేసింది. ఒంటరిగా ఉండేవాళ్లకు రెండు కొంటేనే లాభం అని ఆశపెడితే, రెండోది చెత్తలోకే పోతుందన్న మాటను ఒక వ్యాపార సంస్థ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. యాప్ వచ్చాక, 2016లో డేనిష్ చర్చి సహాయ సంస్థ అమాయర్ ప్రాంతంలో వీఫుడ్ అనే దుకాణం తెరిచింది. ఆ కొట్లో తేదీ దగ్గరపడిన సరుకు, డబ్బా సొట్టపోయిన సరుకు, లేబుల్ తప్పు పడిన సరుకు తక్కువ ధరకు అమ్మేవారు. అమ్మేవాళ్లంతా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. పేదవాళ్లకు మాత్రమే అని బోర్డు పెట్టలేదు, ఎవరైనా వచ్చి కొనుక్కునే వీలుండేది.

ఈ మొత్తం వ్యవహారానికి గుండెకాయ అదే అని నాకనిపించింది. మిగిలిన తిండిని దానం చేస్తే తీసుకునేవాడు తల దించుకోవలసి వస్తుంది. అమ్మితే కొనేవాడు తల ఎత్తుకునే కొంటాడు. బేకరీ వరసలో మఫ్లర్ పెద్దాయనకు అవసరమో, సరదాయో, భూమి మీద ప్రేమో మనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ధర కట్టాడు, సంచి తీసుకున్నాడు. దుకాణానికి కనీసం పిండి ఖర్చన్నా వచ్చింది. పారబోయడానికి కట్టే చెత్త రుసుమూ తగ్గింది. ఎవరూ ఎవరికీ ఉపకారం చేయలేదు, అందరికీ మేలు జరిగింది.

మరునాడు ఇంకో రకం చూశాం. పెద్ద రైల్వే స్టేషన్ దగ్గర ఒక హోటల్. పొద్దుటి బఫే పదిన్నరకు ముగుస్తుంది. ఆ తర్వాత కొద్ది నిమిషాలు యాప్‌లో డబ్బు కట్టినవాళ్లకు ఒక అట్టపెట్టె ఇచ్చి, బల్ల మీద మిగిలినవి నింపుకోమంటారు. గిలకొట్టి వండిన గుడ్లు, చీజు ముక్కలు, పుచ్చకాయ ముక్కలు, చిన్న బన్నులు. వచ్చినవాళ్లు ఎవరూ తొక్కిసలాడలేదు. పెట్టె మూత పడేంతవరకే నింపుకున్నారు. ఒక తల్లి తన చిన్నపిల్లాడిని ఎత్తి పట్టుకుంటే, వాడు తనకు కావలసిన బన్ను వేలితో చూపించాడు. మిగులు తిండి అన్న భావం అక్కడ ఎవరి ముఖంలోనూ లేదు.

సూపర్‌మార్కెట్‌కు వెళితే తేదీ దగ్గరపడిన వస్తువుల మీద పసుపు స్టిక్కర్లు, వాటికి విడిగా ఒక అర. పాల డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుని అమ్మాయి నాకు చూపించింది. తేదీ పక్కనే, ఆ తర్వాత కూడా తరచు బాగానే ఉంటుంది అని అచ్చు వేసి ఉంది. డెన్మార్క్‌లో ఈ లేబుల్ 2019లో మొదలైంది. పాకెట్ల మీద రెండు రకాల తేదీలుంటాయి. మాంసం, చేపల వంటివాటి మీద వేసేది ప్రమాదానికి సంబంధించిన తేదీ. అది దాటితే ముట్టకూడదు. బిస్కెట్లు, పిండి, పప్పులు, పెరుగు వంటివాటి మీద వేసేది నాణ్యతకు సంబంధించిన తేదీ. ఆ రోజు దాకా రుచి, రంగు మామూలుగా ఉంటాయని కంపెనీ హామీ, అంతే. ఈ తేడా తెలియక ఎన్నో ఇళ్లలో మంచి సరుకు చెత్తలోకి పోతోంది. "చూడు, వాసన చూడు, రుచి చూడు, బాగోకపోతేనే పారేయి" అని అమ్మాయి వాళ్ల తరగతిలో నేర్చుకున్న సూత్రం చెప్పింది. మా అమ్మ పెరుగు కుండ మూత తీసి చేసే పని సరిగ్గా అదే.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. తక్కువ ధరకు దొరికిందని సంచి మీద సంచి తెచ్చుకుని, తినలేక ఇంట్లో పారేస్తే ఏమైనట్టు? దుకాణం చెత్తబుట్ట మన వంటింట్లోకి వచ్చినట్టే. ఇందాకటి నివేదికలోని లెక్కే ఈ మాట చెబుతోంది. 105 కోట్ల టన్నుల్లో 60 శాతం ఇళ్ల నుంచి వచ్చింది. హోటళ్లు, క్యాంటీన్ల వాటా 28 శాతం, దుకాణాలది 12 శాతం మాత్రమే. యాప్ కాపాడగలిగేది ఆ చిన్న భాగాలను. పెద్ద భాగం మన పొయ్యి పక్కనే ఉంది. మిగిలినా అమ్ముడవుతుంది కదా అని దుకాణాలు అవసరానికి మించి చేసే ప్రమాదం కూడా ఉంది. మిగిలినదాన్ని అమ్మడం మంచి పని, మిగలకుండా చేయడం ఇంకా మంచి పని. ఈ వరస తారుమారు కాకూడదు.

మా అమ్మాయికి దీనికి ఒక నియమం ఉంది. ఫ్రీజర్‌లో చోటుందో లేదో చూశాకే సంచి కొంటుంది. తెచ్చిన రొట్టెను ఆ రాత్రే ముక్కలు కోసి, రెండు రోజులకు సరిపడా బయట ఉంచి, తక్కినది గడ్డకట్టిస్తుంది. పక్క గదుల్లోని పోలండ్ పిల్లకు, కేరళ కుర్రాడికి తలా ఒకటి ఇస్తుంది. రూబ్రోడ్ అంచులు ఎండిపోతే వాటిని రాత్రి నానబెట్టి, పొద్దున చక్కెర, నిమ్మతొక్క వేసి ఉడికించి గంజిలా చేసింది. ఓలెబ్రోడ్ అనే ఈ వంటకం ఇక్కడ తరతరాల నాటిది. అసలు పద్ధతిలో రొట్టెను బీరులో నానబెడతారు, పైన మీగడ వేసుకుంటారు. నిన్నటి బంగాళాదుంపలు, మాంసం ముక్కలు, ఉల్లిపాయలతో కలిపి వేయించి, మీద గుడ్డు వేసి తినే బిక్సెమాద్ కూడా అలాంటిదే. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, మిగిలిన ఇడ్లీలతో ఉప్మా చేసుకుని పెరిగిన మనకు ఈ వంటలు కొత్తగా అనిపించవు. ధనిక దేశమైనా నిన్నటి రొట్టెను గౌరవించడం ఇంకా మరిచిపోలేదు.

మన దగ్గర పరిస్థితి ఏమిటి? అదే నివేదిక లెక్కన భారతదేశంలో ఒక్కో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం ఇళ్లలోనే వృథా అవుతోంది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని చెప్పుకునే మనం ఫంక్షన్ హాళ్లలో రాత్రి పదకొండు గంటలకు ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాం. డేగిసాల్లో అడుగున బిర్యానీ, ముట్టని స్వీట్లు, సగం తిన్న విస్తళ్లు. రాబిన్ హుడ్ ఆర్మీ వంటి బృందాలు 2014 నుంచి పెళ్లిళ్లలో, హోటళ్లలో మిగిలిన భోజనాన్ని తీసుకెళ్లి ఆకలిగా ఉన్నవాళ్లకు పెడుతున్నాయి. హైదరాబాద్‌లోనూ వాళ్ల కార్యకర్తలు ఉన్నారు. మిగులు ఆహారాన్ని సేకరించి పంచేవాళ్లు పాటించాల్సిన నిబంధనలను ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో తెచ్చింది. 2024 నవంబరులో జొమాటో 'ఫుడ్ రెస్క్యూ' మొదలుపెట్టింది. వండి బయల్దేరాక రద్దయిన ఆర్డరును దారిలోనే దగ్గరలో ఉన్న ఇంకొకరికి తక్కువ ధరకు ఇవ్వడం దీని పని. నెలకు 4 లక్షలకు పైగా ఆర్డర్లు ఇలా రద్దవుతున్నాయని సంస్థకు అప్పటి అధిపతి దీపిందర్ గోయల్ చెప్పారు. దారి మొదలైంది. ఇంకా చాలా నడవాలి.

కోపెన్‌హాగన్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెట్టలేం. కోపెన్‌హాగన్‌లో నవంబరులో బయటి గాలే ఫ్రిజ్. సంచిలో ఉండేది ఎక్కువగా పొడి రొట్టె. మన దగ్గర వండిన అన్నం, కూర, పెరుగు ఎండకాలంలో కొన్ని గంటల్లోనే పాడవుతాయి. వండిన తిండి 5 డిగ్రీల కంటే చల్లగానో, 60 డిగ్రీల కంటే వేడిగానో ఉండాలి. ఆ మధ్యలో ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కాబట్టి మనం మొదలుపెట్టవలసింది బేకరీల నుంచి, స్వీటు షాపుల నుంచి, పళ్ల దుకాణాల నుంచి, సూపర్‌మార్కెట్లలో తేదీ దగ్గరపడిన పాకెట్ల నుంచి. కర్రీ పాయింట్లు, మెస్సులు కూడా రాత్రి కట్టేసే ముందు వేడిగా ఉండగానే అరగంటలో అమ్మే ఏర్పాటు చేసుకోవచ్చు. అందుకు పెద్ద యాప్ అక్కర్లేదు. వీధి వాట్సాప్ గ్రూపులో "ఎనిమిదిన్నర తర్వాత సగం ధర" అని ఒక మాట పెడితే చాలు. ఇది మనకు తెలియని విద్య కూడా కాదు. రైతుబజారులో పొద్దుపోయాక టమాటాలు, వంకాయలు కుప్పలుగా పోసి, తూకం లేకుండా కుప్పకింత అని అమ్మేస్తారు. ఇంటికి తిరిగి మోసుకుపోయి పారేయడం కంటే వచ్చినంతకు ఇవ్వడం మేలని ఆ రైతుకు ఎవరూ నేర్పలేదు. ఏసీ షోరూముల్లో అద్దాల అరల వెనక నిలబడినవాళ్లు ఇప్పుడు ఆ పాఠం నేర్చుకోవాలి.

దుకాణదారులకు నా మనవి ఒకటే. కట్టేసే ముందు గంటలో ధర తగ్గించి అమ్మండి, దానికి సిగ్గుపడకండి. అలా అమ్మితే పేరు పోతుందన్న భయం వద్దు, మీ మీద నమ్మకం పెరుగుతుంది. పెళ్లి పెట్టుకున్నవాళ్లు వంటవాళ్లకు తలల లెక్క నిజంగా చెప్పండి, ఎందుకైనా మంచిదని రెండు వందలు కలపకండి. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఈ యాప్‌లు వాడండి, కానీ ఇంట్లో ఎంత తినగలరో చూసుకుని ఒక్క సంచే కొనండి. తక్కిన మనమందరం ఈ రాత్రి ఫ్రిజ్ తెరిచి, వెనక అరలో ఏముందో చూసి, రేపటి వంట దానితోనే మొదలుపెడదాం.